పేటెంట్ తెచ్చుకోవడమే కాదు, అడ్డుకోవడమూ నేర్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ జిల్లా పేజీలో కాలేజీల పేటెంట్ల గురించి ఒక వార్త వచ్చింది. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఇంజినీరింగ్, ఫార్మసీ కాలేజీలు పేటెంట్లలో దూసుకుపోతున్నాయని రాశారు. శాలువాలు కప్పుకున్న అధ్యాపకుల ఫోటో కూడా వేశారు. మా ఇంట్లో ఆ పేజీ కత్తిరించి దాచుకున్నారు. మా మరిది కొడుకు చదివే కాలేజీ పేరు అందులో ఉంది, వాడి పేరేమో ఆ కాలేజీ తెచ్చిన ఒక "పేటెంటు"లో ఉంది.

నేను హనుమకొండలో మెడికల్ షాపు నడుపుతాను. కాకతీయ యూనివర్సిటీలో బి.ఫార్మసీ చదివాను. మెడికల్ షాపు ఆమెకు పేటెంట్ చట్టంతో ఏం పని అని అడిగేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు పిల్లగాడి కాగితం సంగతి.

వాడు జిరాక్స్ పట్టుకొచ్చి "పెద్దమ్మా, నాకు పేటెంట్ వచ్చింది" అన్నాడు. చూస్తే అది పేటెంట్ ఆఫీసు వారం వారం వేసే జర్నల్‌లో ఒక పేజీ. అప్లికేషన్ నంబరు, వేసిన తేదీ, ప్రచురించిన తేదీ, ఎనిమిది మంది పేర్లు, కింద సారాంశం ఒక పేరా. వీడిది ఏడో పేరు. "మొదటి క్లెయిమ్‌లో ఏం రాశారురా?" అని అడిగాను. "క్లెయిమ్ అంటే?" అన్నాడు. "మరి ఇది రాసిందెవరు?" "సార్ పంపిండు. సంతకం పెట్టుమన్నడు, పెట్టిన." ఫైనల్ ఇయర్ పిల్లగాడు, చురుకైనవాడే. వాడి తప్పేమీ లేదు. పేటెంట్‌కు ప్రాణం క్లెయిమ్‌లలో ఉంటుందని, ఇంతవరకు నాది, ఇందులోకి ఎవరూ రావద్దు అని హద్దులు గీసేది అవేనని వాడికి ఎవరూ చెప్పలేదు.

ప్రచురణ అంటే పేటెంట్ రావడం కాదు. అప్లికేషన్ వేసిన పద్దెనిమిది నెలలకు ఎవరిదైనా జర్నల్‌లో దానంతట అదే ప్రచురితం అవుతుంది. అంతకాలం ఆగలేనివాళ్లు ఫారం 9 నింపి ఫీజు కడితే ముందే వేస్తారు. అప్పటికి అందులో కొత్తదనం ఉందో లేదో ఎగ్జామినర్ చూసి ఉండడు. పరీక్షించమని విడిగా అడగాలి, దానికి వేరే ఫీజు. గడువులోపు అడగకపోతే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అడిగితే అభ్యంతరాలతో ఒక రిపోర్టు వస్తుంది, దానికి జవాబు రాయాలి, విచారణ ఉంటే హాజరు కావాలి. అవన్నీ దాటాక వచ్చేదే పేటెంటు. జాతీయ ర్యాంకుల లెక్కలో మంజూరైన వాటితో పాటు ప్రచురితమైన వాటికీ విలువ ఉంది కాబట్టి కాలేజీలు మొదటి మెట్టు దగ్గరే శాలువాలు తెప్పిస్తున్నాయి. ఫ్లెక్సీలో రంగులు మాత్రం బాగున్నాయి.

ఇంకో దందా కూడా నడుస్తోంది. బ్రిటన్‌లో డిజైన్ రిజిస్ట్రేషన్ చేయిస్తాం, మొదటి పేరుకు ఇంత, నాలుగో పేరుకు ఇంత అని లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల్లో రేట్ల పట్టిక తిరుగుతుంది. షాపుకు వచ్చే ఒక లెక్చరరమ్మ నాకు చూపించింది. అక్కడ డిజైన్ రిజిస్టర్ చేసేటప్పుడు అది కొత్తదా కాదా అని పరీక్షించరు. డిజైన్ అంటే వస్తువు రూపానికి రక్షణ. అది ఎలా పనిచేస్తుందో దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ సర్టిఫికెట్‌నే ఇక్కడ "అంతర్జాతీయ పేటెంట్" అని ప్రమోషన్ ఫైల్లో పెడుతున్నారు.

నా కోపం దొంగ సర్టిఫికెట్ల మీదే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాయకపోదును. పేటెంట్ చట్టంలో సగం పేటెంట్ ఇవ్వడం గురించి ఉంటే, మిగతా సగం ఎప్పుడు ఇవ్వకూడదు, ఇచ్చినా ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి, ఎవరు అడ్డం పడవచ్చు అనే దాని గురించి ఉంది. మన జిల్లాలో వర్క్‌షాపులు పెట్టేవాళ్లు మొదటి సగం చెప్పి టీ, బిస్కెట్లు ఇచ్చి పంపేస్తున్నారు. మనలాంటి వాళ్లకు ఎక్కువగా అక్కరకొచ్చేది రెండో సగం.

నేను ఈ చట్టం జోలికి వెళ్లింది ఒక చీటీ వల్ల. ములుగు వైపు నుంచి ఒక రైతు కొడుకు కోసం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తిరుగుతూ రక్తపు క్యాన్సర్ గోలీల చీటీ పట్టుకొచ్చాడు. ఒకే మందు, ఒకే మోతాదు. ఒక కంపెనీ స్ట్రిప్ మీద ఒక ఎంఆర్‌పీ, ఇంకో కంపెనీ దాని మీద అందులో చిన్న వంతు. "గదే గోలీ అయితే గింత ఫరక్ ఎందుకున్నదమ్మా? చవుకది మంచిగ పనిచెయ్యదా?" అని అడిగాడు. పనిచేస్తుందని చెప్పగలిగాను. తేడా ఎందుకో చెప్పలేకపోయాను. మందుల కంపెనీ తరఫున తిరిగే ఎం.ఆర్.ను అడిగితే "క్వాలిటీ మేడమ్" అన్నాడు, పోయాడు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ల పేటెంట్ చట్టం పీజీ డిప్లొమా దూరవిద్యలో కట్టాను. షాపు మూసి, అన్నాలు అయ్యాక చదివేదాన్ని. లాయర్ల ఇంగ్లిష్ కష్టపెట్టింది కానీ కెమిస్ట్రీ వచ్చినవాళ్లకు ఈ చట్టం లాయర్ల కంటే తొందరగా అర్థమవుతుందని నా అనుభవం.

పేటెంట్ అంటే కొత్తది కనిపెట్టినవాడికీ సమాజానికీ మధ్య ఒప్పందం. ఎలా చేశావో దాచకుండా అందరికీ రాసి ఇవ్వు, ఇరవై ఏళ్లు నువ్వు తప్ప ఇంకెవరూ చేసి అమ్మకుండా చూస్తాం, ఆ తర్వాత అది అందరిదీ. ఊరి భూమిని కౌలుకు ఇచ్చినట్టు అనుకోండి. గడువు తీరాక కౌలుదారు వచ్చి "కొత్త కంచె వేశాను, ఇంకో ఇరవై ఏళ్లు రాసివ్వండి" అంటే ఊరు ఒప్పుకుంటుందా? మందుల కంపెనీలు అడిగేది చాలాసార్లు ఇదే. పాత మందుకే కొత్త లవణం, కొత్త స్ఫటిక రూపం, కొత్త పూత, మళ్లీ కొత్త పేటెంటు.

మన దేశం ఈ విషయంలో మొదటి నుంచీ కళ్లు మూసుకుని లేదు. బ్రిటిష్‌వాళ్లు 1911లో పెట్టిన చట్టం కింద పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీయుల చేతుల్లో ఉండేవి. అందులో చాలావాటితో ఇక్కడ ఒక్క వస్తువు కూడా తయారు చేసేవాళ్లు కాదు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆ లెక్కలన్నీ బయటపెట్టింది. దాని ఆధారంగా వచ్చిందే 1970 పేటెంట్ చట్టం, 1972 ఏప్రిల్ నుంచి అమలైంది. మందులకు, ఆహారానికి పదార్థం మీద పేటెంట్ ఇవ్వం, తయారుచేసే పద్ధతి మీదే ఇస్తాం అన్నారు. అంటే అదే మందును వేరే దారిలో తయారు చేసుకుంటే ఎవరూ ఆపలేరు. హైదరాబాద్ చుట్టూ మందుల ముడిపదార్థాలు చేసే బల్క్ డ్రగ్ పరిశ్రమ లేచింది ఈ చట్టం నీడనే. నాతో చదివినవాళ్లు, నాకంటే ముందు చదివినవాళ్లు జీడిమెట్ల, పటాన్‌చెరు కంపెనీల్లో ఉద్యోగాలు చేసి ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లలో ఎంతమందికి తమ జీతం వెనక ఆ చట్టం ఉందని తెలుసో నాకు అనుమానమే.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల 2005 జనవరి 1 నుంచి మందు పదార్థం మీద కూడా పేటెంట్ ఇవ్వక తప్పలేదు. అయితే ఆ సవరణలోనే పార్లమెంటు సెక్షన్ 3(డి) బిగించింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం తెస్తే చాలదు, రోగం నయం చేసే శక్తి చెప్పుకోదగ్గంతగా పెరిగిందని చూపించాలి. ఆ రైతు చేతిలో ఉన్న మందు, ఇమాటినిబ్, ఈ సెక్షన్‌కే ఎదురుపడింది. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మే ఆ మందు తాలూకు బీటా స్ఫటిక రూపం మీద పేటెంట్ అడిగింది. కొన్ని భారతీయ కంపెనీలతో పాటు క్యాన్సర్ రోగుల కోసం పనిచేసే ఒక సంస్థ కూడా అడ్డం పడింది. 2006 జనవరిలో చెన్నై పేటెంట్ ఆఫీసు అప్లికేషన్‌ను తిరస్కరించింది. మన తెలంగాణ అప్లికేషన్లు వెళ్లేదీ ఆ ఆఫీసుకే. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013 ఏప్రిల్ 1న తేలింది. స్ఫటిక రూపం మారితే పొడి బాగా జారుతుంది, తేమ పీల్చదు, నిల్వకు బాగుంటుంది. అవన్నీ నిజమే, నయం చేసే శక్తి మాత్రం అవి కావు అని కోర్టు తేల్చింది. అప్పట్లో గ్లివెక్‌కు నెలకు లక్షా ఇరవై వేల దాకా అయ్యేదని, వేరే కంపెనీలు చేసే అదే మందుకు (జనరిక్) పదివేల లోపేనని పత్రికలన్నీ రాశాయి. ఆ రైతు అడిగిన ఫరక్‌కు జవాబు ఇది.

ఇంకోటి. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌ను బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్మేది. పేటెంట్ సక్రమంగానే ఉంది, 3(డి) గొడవ లేదు. అయినా 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు కంపల్సరీ లైసెన్స్, అంటే బేయర్ ఒప్పుకోకపోయినా ఆ మందు చేసి అమ్మే అనుమతి, ఇచ్చారు. పేటెంట్ తీసుకుని జనానికి అందుబాటు ధరలో ఇవ్వకపోయినా, అవసరమైనంత సరఫరా చేయకపోయినా, ఇక్కడ దాన్ని అమలు చేయకపోయినా, మూడేళ్ల తర్వాత వేరేవాళ్లు లైసెన్స్ అడగొచ్చని సెక్షన్ 84 చెప్తుంది. నాట్కో నెల మందును 8,800 రూపాయలకు ఇచ్చింది. బేయర్‌కు రాయల్టీ మొదట ఆరు శాతం, అప్పీలులో ఏడు శాతం అయింది. చట్టం అంత బలంగా ఉన్నా, ఈ దారిలో మళ్లీ ఇంకో లైసెన్స్ ఇచ్చిన దాఖలా లేదు. ఎందుకని ఏ పార్టీ నాయకుడూ అడగగా నేను వినలేదు.

నేను మీ పాఠకులకు అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది సెక్షన్ 25(1). అప్లికేషన్ ప్రచురితమైన తర్వాత, పేటెంట్ మంజూరు అయ్యేలోపు, "ఏ వ్యక్తి అయినా" లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. పోటీ కంపెనీయే కానక్కర్లేదు, లాయరే కానక్కర్లేదు. మంజూరు అయ్యాక ఒక ఏడాదిలోపు చెప్పే అభ్యంతరానికి మాత్రం సంబంధం ఉన్నవాళ్లు కావాలి. మంజూరుకు ముందైతే ఎవరైనా సరే.

ఉత్త కాగితం మీది హక్కు అనుకోకండి. మందులకు లొంగని టీబీకి బెడాక్విలిన్ అనే గోలీ ఉంది. ఎంజీఎం టీబీ విభాగంలో పనిచేసేవాళ్లకు పేరు తెలుసు. అంతకుముందు ఇచ్చే ఇంజెక్షన్లతో కొంతమందికి చెవులు పోయేవి. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మొదటి పేటెంట్ 2023 జూలైలో ముగియాల్సి ఉండగా, అదే మందు ఫ్యూమరేట్ లవణం మీద ఇంకో పేటెంట్ అడిగింది. అది వచ్చి ఉంటే 2027 దాకా వేరే కంపెనీలు ఆ గోలీ చేయడానికి ఉండేది కాదు. దానికి 2019లో అభ్యంతరం వేసినవాళ్లలో ఇద్దరు మహిళలు ఉన్నారు. ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే. ఇద్దరూ టీబీని జయించినవాళ్లు, ఇద్దరూ ఆ పాత మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్నవాళ్లు. 2023 మార్చిలో పేటెంట్ ఆఫీసు కంపెనీ అప్లికేషన్‌ను తిరస్కరించింది. టీబీ మందులు మనకు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది కదా అనొచ్చు. ప్రభుత్వమూ కొనే ఇవ్వాలి, ఆ డబ్బూ మనదే.

ఇద్దరు రోగులు చేసిన పనిని మన ఫార్మసీ కాలేజీలన్నీ కలిసి ఒక్కసారైనా ఎందుకు చేయకూడదు?

మన ఉత్తర తెలంగాణకు దగ్గరి కథ ఇంకొకటి ఉంది. నిజామాబాద్ పసుపు రైతులు తమ బోర్డు కోసం ఏళ్లకేళ్లు కొట్లాడారు, 2025లో వచ్చింది. పసుపు కోసం అంతకంటే ముందు ఒక కొట్లాట అమెరికాలో జరిగింది. 1995 మార్చిలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంట్ ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. తెగిన వేలికి పసుపు అద్దడం మన ఇళ్లలో చిన్న పిల్లలకు కూడా తెలుసు, కానీ అప్పటి అమెరికా చట్టానికి వేరే దేశంలో నోటి మాటగా ఉన్న జ్ఞానం సాక్ష్యం కాదు, అచ్చులో ఉండాలి. సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, 1953 నాటి ఒక వైద్య పత్రికలోని వ్యాసంతో సహా ముప్పై రెండు ఆధారాలు వెతికి ఇచ్చింది. 1997లో పేటెంట్ రద్దయింది. ఆ తర్వాతే మన సంప్రదాయ వైద్య గ్రంథాలను విదేశీ ఎగ్జామినర్లు చదవగలిగేలా డిజిటల్ గ్రంథాలయంగా పెట్టే పని మొదలైంది.

గ్రంథాలకెక్కిన జ్ఞానానికి ఆ గ్రంథాలయం ఉంది. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో కోయ పెద్దలు వాడే ఆకు, బెరడు ఏ గ్రంథంలోనూ ఉండకపోవచ్చు. మన చట్టం ఇక్కడ అప్పటి అమెరికా చట్టం కంటే మేలు. స్థానిక, ఆదివాసీ సమాజాల్లో నోటి మాటగా ఉన్న జ్ఞానాన్ని కూడా అభ్యంతరానికి ఆధారంగా సెక్షన్ 25 ఒప్పుకుంటుంది. సంప్రదాయ జ్ఞానానికి అసలు పేటెంటే లేదని 3(పి) అంటుంది. కానీ ఆధారం ఇవ్వడానికి ముందు ఎవరు ఏం అప్లికేషన్ వేశారో తెలియాలి కదా. జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మేడారం జాతరకు తరలే ఈ జిల్లాల్లో ఆ జర్నల్ చూసి "ఇది మా చెట్టు మందే" అని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? మొక్కల మీద ఎమ్మెస్సీ చేసిన పిల్లలకు ఇదొక మంచి పని. ఆ జ్ఞానాన్ని రాసి పెట్టేటప్పుడు ఆ పెద్దల అనుమతి, వాళ్ల పేరు ముందు ఉండాలి. లేకపోతే రాసుకున్నవాడే రేపు దొంగ అవుతాడు.

పత్తి విత్తనాల గొడవ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ఏ రైతుకూ నేను చెప్పనక్కర్లేదు. బీటీ విత్తనం కొత్తగా వచ్చినప్పుడు 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు, ఆ పైన ఉండేది. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే 750కి దిగింది. చాలామంది రైతులు విత్తనం దాచుకుంటే పేటెంట్ కేసు పడుతుందని భయపడతారు. సొంత పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవడానికి, మళ్లీ విత్తుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడానికి కూడా 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. హైబ్రిడ్ విత్తనం రెండో ఏడు సరిగా పండదు, అది వేరే బాధ.

ఇంత చదివాక ఈమె పేటెంట్లకే వ్యతిరేకి అనుకునేవాళ్లు ఉంటారు. కాదు. మన పక్కనే ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారిని చూడండి. చీరకు ఆసు పోయడానికి, అంటే మేకుల చుట్టూ దారం చుట్టడానికి, తల్లి చెయ్యి రోజూ వేలసార్లు అటూ ఇటూ తిరిగి భుజాలు పడిపోవడం చూసి, బడి చదువు ఎక్కువ లేకపోయినా ఏళ్లు పట్టి ఆసు యంత్రం చేశాడు. తల్లి పేరే దానికి పెట్టాడు. పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. పేటెంట్ ఉండాల్సింది ఇలాంటి పనికి. ఎనిమిది మంది పేర్లు అతికించిన సారాంశానికి కాదు.

మా బంధువుల్లో ములుగు రోడ్డులో వెల్డింగ్ వర్క్‌షాపు ఉన్న ఒకాయన మిరపకాయల తొడిమెలు తీసే చిన్న మిషన్ చేశాడు. కాయ చితక్కుండా పనిచేస్తుంది. ఆడవాళ్లు కల్లాల దగ్గర పొద్దంతా కూర్చుని, వేళ్లు మండుతుండగా చేసే పని అది. సంతోషం పట్టలేక మేళాలో పెట్టాడు, వీడియో తీయించాడు, అందరూ ఫోన్లలో పంపుకున్నారు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి "వదినా, దీనికి పేటెంట్ చేయించరాదు" అన్నాడు. అప్లికేషన్ కంటే ముందు లోకానికి చూపించేస్తే అది కొత్తది కాకుండా పోతుంది. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల్లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే దాదాపు దారి మూసుకున్నట్టే. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ వేసి ఉంటే పూర్తి వివరాలు ఇవ్వడానికి పన్నెండు నెలల గడువు దొరికేది. మామూలు వ్యక్తికి ఆన్‌లైన్‌లో దానికి 1,600 రూపాయలు ఫీజు. వీడియో తీసినవాడు అంతకంటే ఎక్కువే తీసుకున్నాడట. ఇప్పుడు ఆ మిషన్‌లో తర్వాత మార్చిన భాగం ఒకటి ఎవరికీ చూపించనిది ఉంది, దానికైనా కాగితాలు తయారు చేస్తున్నాం. ఈ లోపల మా పక్కింటాయన "చపాట మిర్చికి పేటెంట్ వచ్చింది కదా, మిషన్‌కు రాదా?" అంటాడు. చపాటకు వచ్చింది భౌగోళిక గుర్తింపు, దాని చట్టమే వేరు, ఆ ప్రాంతం రైతులందరికీ చెందుతుంది.

ఆ కాగితాలు తయారు చేయడంలోనే అసలు అడ్డంకి ఎదురైంది. పేటెంట్ ఆఫీసుకు ఇచ్చేది ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండాలి. మా వెల్డర్ తన మిషన్ గురించి తెలుగులో గంట సేపు, ఒక్క ముక్క తప్పు లేకుండా చెప్తాడు. దాన్ని క్లెయిమ్ భాషలోకి దించేవాళ్లు వరంగల్‌లో వేళ్ల మీద లెక్కపెట్టాలి. హైదరాబాద్‌లో అడిగిన ఫీజు విని ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఇక్కడే మన పిల్లలకు ఒక దారి ఉంది. పేటెంట్ ఏజెంట్ కావడానికి లా డిగ్రీ అక్కర్లేదు. సైన్స్‌లోనో ఇంజినీరింగ్‌లోనో డిగ్రీ ఉండి, ఇరవై ఒక్క ఏళ్లు నిండి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసైతే చాలు. సైన్స్ డిగ్రీ లేని లాయరుకు ఆ అవకాశం లేదు. గ్రూప్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఏళ్లు గడుపుతున్న బీఎస్సీ, బి.ఫార్మసీ పిల్లల్లో ఈ పరీక్ష పేరు విన్నవాళ్లు నాకు ఇంకా తగల్లేదు. పరీక్ష ఏటా పెట్టకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. 2018లో జరిగాక మళ్లీ 2023లోనే జరిగింది. దాని మీద కూడా మీరు ఒక వార్త రాయండి.

యూనివర్సిటీ వాళ్లను నేను కోరేది పెద్దదేమీ కాదు. లా కాలేజీ సుబేదారిలో ఉంది, ఫార్మసీ కాలేజీ క్యాంపస్‌లో ఉంది, మధ్యలో ఆటో చార్జీ దూరమే. లా పిల్లలకు కెమిస్ట్రీ రాదు, ఫార్మసీ పిల్లలకు క్లెయిమ్ చదవడం రాదు. ఇద్దరినీ వారానికి ఒక పూట ఒకే గదిలో కూర్చోబెట్టి శుక్రవారం జర్నల్ తీయించండి. మందుల అప్లికేషన్ ఒకటి తీసుకుని, ఇది నిజంగా కొత్తదా, పాత మందుకు కొత్త చొక్కానా అని వెతికించండి. పాతదే అని ఆధారం దొరికితే అభ్యంతరం చెప్పే ఫారం 7ఎ నింపించి పంపించండి. ప్రాజెక్టు మార్కులు దానికి ఇవ్వండి. వరంగల్ నిట్ ఇంజినీరింగ్ వాళ్లు కలిస్తే మిషన్ల సంగతి కూడా చూడొచ్చు, మా వెల్డర్ లాంటివాళ్లకు ప్రొవిజనల్ అప్లికేషన్ రాసిపెట్టొచ్చు. పేటెంట్ తెచ్చినవాళ్లకు శాలువా కప్పినట్టే, అన్యాయమైన పేటెంట్‌ను ఆపినవాళ్లకూ కప్పండి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఏ కాలేజీ అయినా పేటెంట్ వచ్చిందని ప్రకటన పంపితే, అప్లికేషన్ నంబరు అడిగి తీసుకోండి. ప్రచురితమైందా, మంజూరైందా అన్నది పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో అప్పటికప్పుడే చూడొచ్చు. తేలినదే వార్తలో రాయండి.

ఈ పని మొదలుపెట్టాలనుకునే లెక్చరర్లు ఉంటే నాకు చేతనైనంత సాయం చేస్తాను, డబ్బులు వద్దు. నేను చదువుకున్న నోట్సులో సగం తెలుగులోనే రాసుకున్నాను, జిరాక్స్ తీసుకోవచ్చు. మధ్యాహ్నం రెండు దాటాక నాలుగు దాకా షాపులో రద్దీ ఉండదు. ఆదివారం మాత్రం రావద్దు, స్టాకు లెక్క చూసుకుంటాను.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమానురాలు,
హనుమకొండ